రామదాసు చెర, మట్టిగొట్టం

మా బాబాయ్‌ది నేలకొండపల్లి. రామదాసుగా మనందరికీ తెలిసిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ముప్పయ్యేళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. హైదరాబాద్ ఎప్పుడొచ్చినా గోల్కొండకు వెళ్తారు, వెళ్తే ఒకే చోటికి. రామదాసు బందీఖానా ముందు కాసేపు కూర్చుని, దణ్ణం పెట్టుకుని దిగిపోతారు. నేను ఇంజనీరుని. ఊళ్లకు మంచినీళ్ల పైపులైన్లు వేయించే పని. గోల్కొండ అనగానే నాకు నీళ్లే గుర్తొస్తాయి. మొన్న కార్తీకంలో ఇద్దరం కలిసి వెళ్లాం. బాలాహిస్సార్ దర్వాజా దగ్గర మొదలైన వాదన కిందికి దిగేదాకా తెగలేదు. ఎవరేమన్నారో అలాగే రాస్తున్నాను.

దర్వాజా దాటగానే గుమ్మటం కింద గైడు ఒకతను చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. బడిపిల్లలు చుట్టూ మూగారు.

బాబాయ్: పద పద. ఇక్కడ నిలబడితే పొద్దుపోతుంది. ఎండ ముదరకముందే గోపన్న దగ్గరికి చేరాలి.

నేను: ఒక్క నిమిషం బాబాయ్. దీన్ని అందరూ ఆటలాగా చూసి పోతారు. ఇక్కడ చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి దాకా వినిపిస్తుంది, దాదాపు కిలోమీటరు. గుమ్మంలోకి ఎవరో వచ్చారని పైన కావలి ఉన్నవాళ్లకి తెలిసే ఏర్పాటు ఇది. ఏ మేస్త్రీకి ఈ ఆలోచన వచ్చిందో, ఎన్నిసార్లు కట్టి చూసి సరిచేసుకున్నాడో!

బాబాయ్: నువ్వు గుమ్మటం చూశావు, గుమ్మం పైన నెమళ్లు చూశావా? సున్నపు గచ్చుతో తీర్చిన నెమళ్లు. సుల్తాను కోటకి మన గుడి గోపురాల మీది బొమ్మలు. ఈ కోట పేరే తెలుగు. గొల్ల కొండ. మేకలు కాసుకునే పిల్లాడికి కొండ మీద విగ్రహం దొరికిందనీ, కాకతీయులు చుట్టూ మట్టికోట కట్టించారనీ చెప్పుకుంటారు. రాళ్లు మా ఊరి గుట్ట మీదా ఉన్నయ్ బిడ్డా. ఇక్కడ ఎవరు ఏడ్చారో, ఎవరు గెలిచారో తెలిసినందుకే ఇంత దూరం వస్తున్నా.

నేను: నాకు పేచీ అక్కడే. ఎవరి ఏడుపు మిగిలింది? రాజుది, మంత్రిది, తహసీల్దారుది. ఈ బయటి గోడ పది కిలోమీటర్ల పైచిలుకు ఉంది. ఎనభై ఏడు బురుజులు, ఎనిమిది దర్వాజాలు. రాయి కొట్టినవాళ్లు, మోసినవాళ్లు, సున్నం గానుగ తిప్పినవాళ్లు ఎంతమంది ఉండి ఉండాలి! వాళ్ల గురించి గైడు ఒక్క ముక్క చెప్పడు. గాయని తారామతి పాట గురించి మాత్రం అరగంట చెప్తాడు.

బాబాయ్: గైడు మీద కోపం నా మీద చూపిస్తే ఎట్లా?

నవ్వుతూనే అన్నారు. మెట్లెక్కడం మొదలుపెట్టాం. బాబాయ్ మెట్టు మెట్టుకీ ఒక పేరు చెప్తూ వచ్చారు. 1364 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఈ కొండను బహమనీ సుల్తానుకు వదులుకోవలసి రావడం, 1518లో సుల్తాన్ కులీ సొంత రాజ్యం నిలబెట్టుకోవడం, ముసలితనంలో ఆయన్ని కొడుకు జంషీదే 1543లో చంపించడం. తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరం పారిపోయి అళియ రామరాయల నీడన ఏడేళ్లు బతికాడు.

బాబాయ్: ఆ ఏడేళ్లలో తెలుగు రుచి తగిలింది ఇబ్రహీంకి. తిరిగొచ్చి 1550లో గద్దెనెక్కాక మన కవులకి మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. అచ్చతెనుగులో మొదటి కావ్యం! పటాన్‌చెరులో ఉండే ఒక ముసల్మాను సర్దారు కోసం పుట్టింది. ఇది తెలియకుండా కోట చూస్తే ఏం చూసినట్టు?

నేను: మట్టికోటను ఈ రాతికోటగా పెంచినవాళ్లలో ముఖ్యుడు కూడా ఆ ఇబ్రహీమే కదా. హుస్సేన్ సాగర్ కట్ట వేయించింది ఆయన కాలంలోనే. కావ్యం అంకితం పుచ్చుకోవడం ఎంత రాజరికమో చెరువు కట్ట వేయించడం అంత రాజరికం. మీ తెలుగు వాచకంలో మొదటిదే ఉంటుంది.

బాబాయ్: రెండోది మీ ఇంజనీరింగ్ పుస్తకంలో ఉందా?

లేదు. నేను చదివిన నాలుగేళ్లలో గోల్కొండ నీళ్ల గురించి ఒక్క పేజీ లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన నా ముఖం వంక చూసి ఇంకేమీ అనలేదు.

బందీఖానా ముందు వరుస ఉంది. లోపల చీకటి, పైకప్పు చిల్లులోంచి ఒక్కచోటే పడే వెలుతురు. గోడలో చెక్కిన రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు. గోపన్నే చెక్కాడని అంటారు. వేళ్లతో తాకీ తాకీ, కుంకుమ అద్దీ అద్దీ ఆ బొమ్మల అంచులు అరిగిపోయాయి. బాబాయ్ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, చాలాసేపటికి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఆ క్షణంలో నేను అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

నేను: నొచ్చుకోకండి బాబాయ్. ఇది మొదట సరుకులు దాచుకునే కొట్టు అంటారు. రాందాస్ కా కోఠా అన్న పేరులోనే ఆ మాట ఉంది. గోపన్నను ఉంచింది ఇక్కడేనని జనం చెప్పుకోవడం తప్ప వేరే రుజువేముంది?

బాబాయ్: మొన్న మీ నాన్న సంవత్సరీకంనాడు ఫొటోకి దండేశావు. ఆ ఫొటోలో మా అన్న ఉన్నాడా?

నేను: ...

బాబాయ్: జవాబు చెప్పక్కర్లేదు. దండెయ్యి చాలు. మూడు వందల ఏళ్లకు పైగా జనం ఇక్కడికొచ్చి ఒక మనిషిని తల్చుకుని ఏడుస్తున్నారు. ఈ గది కాక పక్క గది అయితే ఆ ఏడుపు అబద్ధమవుతుందా?

నేను: ఏడుపు అబద్ధమని నేననలేదు. కాని చూడండి, గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. భద్రాచలం గుడికి ఖర్చుపెట్టి చెరలో పడ్డాడు. ఆ ఆరు లక్షలు ఎవరివి? పన్ను కట్టిన రైతువి. కథలో భక్తుడున్నాడు, సుల్తాను తానీషా ఉన్నాడు, చివరికి రాముడు కూడా వచ్చి డబ్బు కట్టి రసీదు పుచ్చుకున్నాడు. కట్టినవాడు, అంటే మొట్టమొదట పొలంలోంచి తీసి కట్టినవాడు, ఎక్కడా లేడు. నేను ఊళ్లు తిరిగే మనిషిని. సర్కారు సొమ్ము ఒక పద్దు కింద వచ్చి ఇంకో పద్దుకి పోతే ఏ ఊళ్లో ఏ కుళాయి ఎండుతుందో నాకు కనిపిస్తుంది.

బాబాయ్: రైతు లేడని ఎవరన్నారు? గుడి కట్టించమని ముందు అడిగింది పోకల దమ్మక్క. అడవిలో రాముడికి పందిరేసిన మనిషి. కథలో ఆమె ఉంది, నువ్వు మర్చిపోయావు. ఇంకోటి. తానీషాని ఈ కథ రాక్షసుడిని చెయ్యలేదు. రామలక్ష్మణులు కనపడింది ఎవరికి? జైల్లో పన్నెండేళ్లు ఏడ్చిన గోపన్నకి కాదు, తానీషాకి. ఆయన పంపించిన ముత్యాల తలంబ్రాలు ఆనవాయితీ అయ్యి, ఇప్పటికీ శ్రీరామనవమికి సర్కారు తరఫున భద్రాచలం పోతున్నయ్. ఇంత పెద్దమనసున్న కథను ఏ రాజూ రాయించలేదమ్మా. జనం కట్టుకున్నారు.

నేను: అది ఒప్పుకుంటాను. లెక్క మాత్రం లేదంటున్నాను.

బాబాయ్: లెక్కా? లెక్క కావాలా నీకు? గోపన్న కీర్తనల్లో ఒకటుంది. సీతమ్మకి ఏ నగ చేయించాడు, భరతుడికి ఏమి, లక్ష్మణుడికి ఏమి, ఒక్కోదానికి ఎంతయ్యింది, వరసగా చదువుతాడు. దెబ్బలకి తాళలేక దేవుడికి పద్దు అప్పజెప్పిన పాట అది. చిన్నప్పుడు నీకే నేర్పాను. ఖర్చు రాసుకున్న తహసీల్దారు కనపడలేదా నీకు ఆ పాటలో?

నేర్పారు. ఇన్నేళ్లుగా ఆ పాట పాడుకుంటున్నాను, ఏడుపు పాటగానే. ఖాతా పుస్తకంగా ఎప్పుడూ వినలేదు. ఆ మెట్ల మీద నిలబడి మనసులో మళ్లీ మొదటినుంచీ పాడుకున్నాను. చాలా చరణాల్లో ఒక నగ, ఒక మొత్తం. ఆయన చెప్పింది నిజం. అక్కడ నేను ఓడిపోయాను, ఆ సంగతి అప్పుడే చెప్పాను. కాని నా ప్రశ్న తీరలేదు. గోపన్నకు పాట కట్టడం వచ్చు కాబట్టి ఆయన లెక్క మిగిలింది. పాట కట్టడం రానివాళ్ల లెక్క?

అంబర్‌ఖానా దగ్గర ఆగి నీళ్లు తాగాం. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంనాటి ధాన్యపు కొట్టు, 1642 నాటిది. ఇక్కడికి వచ్చేసరికి నా వంతు వచ్చిందనిపించింది.

నేను: 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు కదా. బీజాపూర్ అంతకుముందు ఏడాదే పోయింది. ఈ కోట ఎందుకు నిలిచింది? తానీషా మంచితనం వల్లా? ఈ గదిలో గింజలున్నయ్ కాబట్టి, తొట్లలో నీళ్లున్నయ్ కాబట్టి. బయట మొగలు సేనకు తిండి లేదు, పైన వానలు. గోడ కింద సొరంగాలు తవ్వి మందు కూరితే, లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వి మందు తీసేశారు, మిగిలినదానిలో నీళ్లు పోశారు. అంటించినప్పుడు ఆ పేలుడు తిరిగి మొగలుల మీదికే పోయింది. ఆ చీకట్లో, పైన ఎప్పుడు పేలుతుందో తెలియకుండా, గడ్డపారతో తవ్వినవాడు ఎవడు బాబాయ్? వాడి బందీఖానా ఎక్కడుంది, నేనూ ఒక దణ్ణం పెట్టుకుంటాను.

బాబాయ్: సరే, నిలిచింది. మరి పడిందెందుకు? గింజలైపోయా? గోడ కూలిందా? ఏదీ కాలేదు. ఒక మనిషి లంచం తిని రాత్రిపూట చిన్న తలుపు తీశాడు. అబ్దుల్లా ఖాన్ పన్నీ. ఇంకొక మనిషి, అబ్దుర్ రజాక్ లారీ, ఒంటినిండా డెబ్భై గాయాలు తగిలేదాకా కొట్లాడాడు. శత్రువే వైద్యులను పెట్టి బతికించాడు. నీ గోడ ఎంత గట్టిగా ఉన్నా తలుపు దగ్గర నిలబడేది మనిషేనమ్మా. నేను మనుషుల కథలు పట్టుకు వేలాడేది అందుకే. పన్నీ ఎందుకు తీశాడు, లారీ ఎందుకు తియ్యలేదు? ఇది నీ కొలతల్లో దొరకదు.

నేను: దొరకదు. కాని తలుపు తీసినవాడి పేరు మిగిలింది. ఎనిమిది నెలలు తలుపులు పట్టుకున్నవాళ్లలో మిగిలింది ఎన్ని పేర్లు?

బాబాయ్: అది కథ తప్పు కాదు. కథ చెప్పేవాళ్ల తప్పు.

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. తర్వాత కాసేపు మౌనంగా ఎక్కారు. గోడ కట్టినవాళ్లు ఇక్కడ పెద్ద పెద్ద గుండురాళ్లను పగలగొట్టలేదు. ఎక్కడ గుండు అడ్డొస్తే అక్కడ దాన్నే గోడలో కలుపుకుని, దాని వంపుకు సరిపోయేలా పక్క రాళ్లను చెక్కి కూర్చారు. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో చెయ్యి పెట్టి వెతికితే గాని తెలియదు. నేను చెయ్యి పెట్టి చూస్తుంటే బాబాయ్ కూడా ఒక అతుకు దగ్గర గోరు దూర్చి చూశారు. దూరలేదు.

పైన మహంకాళి అమ్మవారి గుడి. ఒక పెద్ద గుండు నీడన చిన్న గుడి. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే. లంగర్‌హౌస్ నుంచి తొట్టెల ఊరేగింపు వస్తుంది. మనం ఒట్టి చేతులతో రొప్పుతూ ఎక్కే ఈ మెట్లను ఆడవాళ్లు తలమీద బోనంతో, దానిమీద వెలిగే దీపంతో ఎక్కుతారు. రాజులు పోయి మూడు వందల ఏళ్లు దాటినా ఈ కోట పాడుపడిన కోట కాలేదంటే నాకు కనిపించే కారణాల్లో ఇదొకటి. రెండోది, బయటి గోడ లోపల ఇవాళ్టికీ ఊరుంది. ఫతే దర్వాజా ఇనుప మేకుల తలుపుల మధ్యనుంచే ఆటోలు పోతాయి, బడా బజార్‌లో కూరగాయలు అమ్ముతారు. టికెట్టు కొని చూసేది కోట నడిబొడ్డునే. గోల్కొండ చూశామని వెళ్లిపోయేవాళ్లలో చాలామందికి ఊరంతా కోట లోపలే ఉందని తట్టదు.

బారాదరి మీద గాలి బాగా ఉంది. ఒకపక్క కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, ఇంకోపక్క గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు.

బాబాయ్: కోహినూరు ఇక్కడిదేనా అని ఇందాక ఒక పిల్లాడు అడిగాడు, విన్నావా?

నేను: విన్నాను. ఈ కొండలో వజ్రాలెక్కడివి? అవి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లోవి. ఇక్కడ బజారు. అరవై వేలమంది ఆ గనుల్లో పనిచేస్తున్నారని ఆ కాలపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు, ఆడవాళ్లు, పిల్లలతో సహా. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. పేరు మాత్రం గోల్కొండకొచ్చింది.

బాబాయ్: మళ్లీ అక్కడికే వచ్చావు. సరే, నీ నీళ్లు చూపించు. ఇంత ఎత్తుకి ఎట్లా ఎక్కించారు?

నేను: కోటకి మంచినీళ్లు దుర్గం చెరువు నుంచి. అదుగో ఆ మేడల వైపు. ఇప్పుడు దానిమీద తీగల వంతెన వేశారు, జనం సాయంత్రం ఫొటోలకి పోతారు. కోటలోకి వచ్చాక, కుండలు కట్టిన పెద్ద చక్రాలను పశువులు తిప్పుతుంటే ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి, అక్కడినుంచి ఇంకా పైకి. పైకి చేరాక మట్టిగొట్టాల్లో కిందికి, మహళ్లకి, ఫౌంటెన్లకి, తోటలకి. కొండ ఎత్తు నూట ఇరవై మీటర్లు. పైనుంచి కిందిదాకా ఒకే గొట్టం వేస్తే అడుగున చదరపు సెంటీమీటరుకి పన్నెండు కిలోల ఒత్తిడి పడుతుంది. కాల్చిన మట్టి తట్టుకోదు, పగిలిపోతుంది. అందుకే మధ్యమధ్య తొట్లు. ఒత్తిడి ప్రతి తొట్టి దగ్గరా విరిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. మేం ఇవాళ గుట్టల మీది ఊళ్లకి నీళ్లిచ్చేటప్పుడు చేసేది అదే.

దిగేటప్పుడు మహళ్ల వైపునుంచి వచ్చాం. ఒకచోట గోడ గచ్చు ఊడిపోయి లోపలి గొట్టం బయటపడింది. మా పిడికిలి పట్టేంత నోరు. ఎర్రమట్టి, కాలిన చోట కొంచెం నలుపు. ఒక గొట్టం మూతి ఇంకోదాని నోట్లోకి దిగి ఉంది, చుట్టూ సున్నం. ఆ సున్నం మీద ఒక నొక్కు ఉంది. బొటనవేలితో అదిమినట్టు. అదిమినదో, రాలినదో నేను చెప్పలేను. బాబాయ్ వంగి, కళ్లద్దాలు సరిచేసుకుని, తన బొటనవేలు అందులో పెట్టి చూశారు. చాలాసేపు తియ్యలేదు.

బాబాయ్: ఇది గోడ లోపల ఎక్కడో పగిలితే ఎట్లా తెలుస్తుంది?

నేను: గోడ చెమ్మగిల్లుతుంది. మరక కనపడ్డ చోటు కాకుండా కొంచెం పైన తవ్వాలి. నీళ్లు పగిలిన చోటినుంచి దిగి వచ్చాకే బయటపడతాయి.

బాబాయ్: అంటే రోజూ గోడలు తడుముతూ తిరిగే మనిషి ఒకడుండాలి.

నేను: ఉండాలి. నా దగ్గరా ఉన్నారు. లైన్‌మెన్ అంటాం.

బాబాయ్: రాణీవాసంలోకి కూడా పోవాలి వాడు. ఫౌంటెన్ ఆగిపోతే ముందు పిలిచేది వాణ్నే. ముట్టడిలో, ఎనిమిదో నెలలో, ఒక రాత్రి ఏదో గోడ చెమ్మగిల్లితే... చిన్న తలుపు తీసిన రాత్రి వాడు ఎక్కడున్నాడో?

నేను: తెలియదు బాబాయ్.

బాబాయ్: తెలియదని నాకూ తెలుసు. నాకు మనిషి కావాలి, పేరు కావాలి, లేకపోతే నోట్లో మాట ఆడదు. ముప్పయ్యేళ్లు అట్లాగే పాఠం చెప్పాను. నువ్వు గొట్టం చూపిస్తున్నావు. గొట్టం గురించి పిల్లలకి ఎట్లా చెప్పాలి?

నేను: మీరు ఇప్పుడు చెప్పినట్టే.

బాబాయ్: నేనేం చెప్పాను? అడిగాను.

ఆయన బొటనవేలికి అంటిన సున్నాన్ని దులుపుకోలేదు. కింద నీడ చూసుకుని కూర్చున్నాం. నాకు నయా ఖిలా వైపు వెళ్లి ఏనుగుల చెట్టు అని పిలిచే బావోబాబు చూడాలని ఉంది, ఆయనకి ఇబ్రహీం సమాధి చూడాలని. ఎటు ముందు వెళ్లాలన్న దాని మీద మళ్లీ మొదలైంది.